మాయింటి గాలివాన

మాది హనుమాన్ జంక్షన్. చెన్నపట్టణమునుండి కలకత్తా పోవు పెద్దబాటను నూజివీడు, గుడివాడ బాటలు వచ్చి కలసికొనుచోట, అభయాంజనేయస్వామి గుడి చుట్టును పెరిగిన యూరు. వేసవి ముదిరినదనగా మా వీధిలో ఏ యింట చూచినను ఆవకాయ సన్నాహమే. నూజివీడు, ఆగిరిపల్లి తోటలలో దిగిన కాయ తెల్లవారుసరికి మా గుమ్మములో నుండును. పులుపు చాలినదా, పీచున్నదా, టెంక ముదిరినదా యని కాయకొక పరీక్ష. పిమ్మట కడుగుట, తుడుచుట, కొట్టించుట, జీడి తీసి ముక్కముక్కను పొడిగుడ్డతో నొత్తుట. ఇది యొకరివలన నగు పని కాదు గనుక నాలుగిండ్ల ఆడువారము ఒక్కచోట చేరుదుము. అట్లు చేరినప్పుడు చేతులకు పని యుండును గాని నోళ్ళకుండదు గదా! ఈయేడు ఆ కొరతను ఒక హత్య తీర్చినది.

చదువరులు భయపడనక్కరలేదు. హత్య తెరమీదిది.

ఎదురింటి వదినగారి కోడలు హైదరాబాదు కంపెనీలోని తన యుద్యోగమును ఇంటనుండియే చేయుచున్నది. ఆ చిన్నదానికి కొరియాదేశపు సీరియళ్ళన్న ప్రాణము. అచ్చటివారును మనవలెనే చెప్పులు గుమ్మములో విడిచి లోనికి పోవుదురనియు, పెద్దలకు వంగి మ్రొక్కుదురనియు, చలికాలము వచ్చుటకు ముందు బంధువులును ఇరుగుపొరుగువారును కూడి కిమ్చీ యను కారపు ఊరగాయ పెట్టుకొందురనియు మాకు చెప్పుచుండును. ఆ కూడి చేయు పనికి కిమ్‌జాంగ్ అని పేరట. 2013లో యునెస్కోవారు దానిని మానవజాతి వారసత్వ సంపదలలో చేర్చిరని చెప్పగా, మా అత్తగారు ఆవపిండి జల్లించుట నాపి, "మరి మన ఆవకాయని ఎప్పుడు చేరుస్తారుటే?" అని యడిగిరి. సమాధానము చెప్పగలవారు మాలో లేకపోయిరి.

ఒకే కుటుంబమున హత్య జరిగి, చేసినవారెవరో తెలియక ఒకరినొకరు శంకించుకొను కొరియా కథ యొకటి చూపెదనని ఆ చిన్నది ముందుకు వచ్చినది. పక్కింటి పిన్నిగారు, "ఆ పేర్లు నాకు నోరు తిరగవమ్మా, చచ్చిందెవరో తెలుసుకొనేసరికి కథ అయిపోతుంది" అని తోసివేసిరి. అందుచేత తెలుగులోనే అట్టి కథను వెదకి తెచ్చినది. దాని పేరు 'గాలివాన'. 2022 ఏప్రిలులో జీ5లో వెలువడిన ఏడు భాగముల చిన్న ధారావాహిక. పేరు విని నేను పాలగుమ్మి పద్మరాజుగారి కథయే కాబోలునని సంతోషించితిని. 1952లో ప్రపంచ కథలపోటీలో రెండవ బహుమతి నందిన ఆ 'గాలివాన'కును దీనికిని పేరు తప్ప పొత్తు లేదు. ఇది 2016లో బీబీసీవారు ప్రసారము చేసిన 'వన్ ఆఫ్ అజ్' అను నాలుగు భాగముల స్కాట్లండు కథకు తెలుగు రూపమట. దర్శకుడు శరణ్ కొప్పిశెట్టి. సాయికుమార్‌గారును రాధికగారును పెద్దపాత్రలు ధరించిరి.

కథలు సముద్రములు దాటుట మనకు క్రొత్త కాదు. నందినీరెడ్డిగారి 'ఓ! బేబీ' చూచి మా వీధియంతయు కడుపుబ్బ నవ్వినది. 2019లో వచ్చిన ఆ చిత్రమునకు మూలము 'మిస్ గ్రానీ' యను కొరియా చిత్రమని ఆనాడు మాకెవరికిని తెలియదు. ఇటునుండి అటు పోయినదియు కలదు. మలయాళమున పుట్టిన 'దృశ్యము' కథను కొరియాభాషలో తీయుదుమని 2023లో ఫ్రాన్సులోని కాన్ చిత్రోత్సవమున ప్రకటించిరి. ఈ 'దృశ్యము' మాట మరల వచ్చును. చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక.

మూడు రాత్రులలో ఏడు భాగములును చూచితిమి. మావారు హైస్కూలులో ఉపాధ్యాయులు. వేసవిసెలవులు గనుక అభ్యంతరము చెప్పలేదు. తమకు ఆసక్తి లేదనుచునే కుర్చీని తెరకు కనబడునంత దూరమున వేసికొనిరి.

కథ ఇది. కొత్తగా పెండ్లియైన యొక జంట హత్య కావింపబడుదురు. రెండు కుటుంబములును దుఃఖమున మునిగియున్న రాత్రి, గాలివానలో ఒక వాహనము వారి యిండ్లయొద్దనే పల్టీకొట్టును. గాయపడినవానిని లోనికి తెచ్చి, కట్లుకట్టి, ప్రాణము నిలిపెదరు. పిమ్మట తెలియును, తమ బిడ్డలను చంపినవాడు వీడే యని. తెల్లవారుసరికి వాడు చచ్చిపడియుండును. చంపినది ఎవరు? ఇంటివారిలో ఒకరే. ఎవరో నేను చెప్పను. చూడనివారు నన్ను తిట్టుకొందురు. మా అత్తగారు మాత్రము కడపటి భాగమున నిద్రపోయి, నేటికిని నన్ను అడుగుచునే యున్నారు.

మొదటి రాత్రి తరువాత మరునాడు కాయలు కొట్టించుచుండగా తీర్పులు మొదలైనవి. పిన్నిగారు, "చంపినవాళ్ళకి దండం పెట్టాలి. కన్నబిడ్డని పొట్టను పెట్టుకొన్నవాడు మంచంమీద పడి ఉంటే చూస్తూ ఊరుకొంటారా?" అనిరి. వదినగారికి ఆ మాట సరిపడలేదు. చంపుట అటుండనిచ్చి, శవమును దాచుటయే తప్పనిరి. దాచినందుననే గదా ఇంటిలో ఒకరి మొగమొకరు చూడలేని స్థితి వచ్చినది? వారి కోడలు నటన బాగున్నదనియు, నడుమ రెండు భాగములు సాగదీసిరనియు, కొరియావారైన నిట్లు చేయరనియు అనెను. ఆ చిన్నదానికి దోషి యెవరో మూడవ భాగముననే తెలిసెనట. నమ్మినవారు లేరు.

నాకు అశ్వత్థామ తలపునకు వచ్చెను. నిద్రించుచున్న ద్రౌపది కొడుకుల నైదుగురను వాడు చంపలేదా? వానిని పశువునువలె కట్టి తెచ్చి అర్జునుడు ఆమెయెదుట నిలుపలేదా? భీముడు చంపుమనును. ద్రౌపది మాత్రము, నేను ఏడ్చినట్లు వీని తల్లి కృపి యేడువరాదు, విడిచిపెట్టుడు అనును. భాగవతము ప్రథమస్కంధమున ఈ ఘట్టము చదువునప్పుడెల్ల మా తాతగారి గొంతు గద్గదమగుచుండెడిది. నేను ఈ సంగతి చెప్పగా పిన్నిగారు, "ద్రౌపది మహాతల్లి. నేను కాదు" అని ముక్కను కసిగా తుడిచిరి. ఆ మాటకు నాయొద్ద సమాధానము లేదు. పిన్నిగారి యొక్కగానొక్క కుమారుని పెద్దబాటమీద లారీ గుద్ది పోయి పదునొకండేండ్లైనది. ఆ లారీ యెవరిదో నేటికిని తెలియదు. అది మరచి నేను పురాణము చెప్పితిని.

కాసేపు ఎవరును మాటలాడలేదు. కత్తి దెబ్బ మాత్రము వినబడుచుండెను.

ఆ నిశ్శబ్దమును తొలగించుటకే కాబోలు వదినగారు 'దృశ్యం' ప్రసంగము తెచ్చిరి. 2014లో శ్రీప్రియగారి దర్శకత్వమున వచ్చిన తెలుగు చిత్రము. వెంకటేశ్, మీనా తలిదండ్రులు. టెలివిజనులో ఎన్నిమారులు చూచితిమో లెక్కలేదు. శిబిరమునకు పోయిన పిల్ల స్నానముచేయునప్పటి చిత్రమును ఒక కుర్రవాడు దొంగతనముగా సెల్‌ఫోనున తీసి బెదిరించును. ఇంటికే వచ్చును. తల్లి కాళ్ళు పట్టుకొన్నను వినడు. పెనుగులాటలో వాని ప్రాణము పోవును. తల్లియు కూతురును ఆ రాత్రియే శవమును పాతిపెట్టెదరు. ఊరనుండియు తండ్రికి తెలియునప్పటికి అంతయు ముగిసినది. ఆపైన తండ్రి చూపిన తెలివియే మిగిలిన చిత్రము.

ఇందు తల్లిని తప్పుపట్టినవారు మాలో ఒక్కరును లేరు. 'గాలివాన'లో దాచుట తప్పన్న వదినగారే, "ఇక్కడ దాచక ఏంచేస్తుంది? చచ్చినవాడి తల్లే పోలీసు పెద్దధికారి. ఎవరితో చెప్పుకోవాలి?" అనిరి. కుర్చీలోని మావారికి ఇక నూరకుండుట సాధ్యము కాలేదు. శవమును గాని సాక్ష్యమును గాని మాయముచేయుట వేరుగా నొక నేరమనియు, పాత శిక్షాస్మృతిలో 201వ సెక్షనైనది 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయసంహితలో 238వదైనదనియు, బలాత్కారమునకు పూనుకొన్నవానిని ఎదిరించుటలో వాని ప్రాణము పోయినను ఆత్మరక్షణ హక్కు కలదని అదే చట్టము 38వ సెక్షను చెప్పుచున్నదనియు, దాచినందుననే నిర్దోషులు దోషులైరనియు పాఠము చెప్పిరి. అందరము శ్రద్ధగా వింటిమి. ఎవరును మనసు మార్చుకొనలేదు.

కాయలు కొట్టుటకు వచ్చిన యామె అంతవరకు తలయెత్తలేదు. కత్తి పక్కన పెట్టి, చెంగుతో నుదురు తుడుచుకొని, "దాయటానికి మీకు పెరడు ఉంది అమ్మగారూ. మా ఇంట్లో ఏడ్చినా పక్కింటికి ఇనపడుద్ది. మా పిల్లలకి ఏదన్నా అయితే దాయలేం, పోలీసులకి చెప్పలేం. మాకు మూడోదారి ఏంటో ఆ సినిమా తీసినోళ్ళని అడగండి" అనెను. సెక్షనులు చెప్పిన మావారు పత్రిక విప్పుకొనిరి. మూడు రాత్రులును మేము చెప్పుకొన్న అభిప్రాయము లన్నిటిలోను నా మనసున నిలిచినది ఆ ఒక్కటి. ఆమె 'గాలివాన' చూడనైన చూడలేదు.

నేనును ఊరకుండలేదు. చదువుకొన్న దానననెడి పేరొకటి కలదు గదా! కుంతి కథ నెత్తుకొంటిని. భారతమున మొదటి దాచుట ఆమెదే. పసివానిని పెట్టెలో పెట్టి యేటిలో విడిచినది మొదలు, యుద్ధమై, కర్ణుడు కూలి, తర్పణములు విడుచు వేళవరకును నోరు విప్పలేదు. అంతయు విన్న ధర్మరాజు, ఆడువారి నోట రహస్యము నిలువకుండు గాక యని శపించెను. "అందుకేనమ్మా మన నోట్లో నువ్వుగింజ నానదు!" అని అత్తగారు నవ్విరి. అది శాపమెట్లగును, ఆమె ముందే చెప్పియుండిన పదునెనిమిది అక్షౌహిణులు నిలిచియుండును గదా యని నేను వాదించితిని. ఆ యూపులో 'దృశ్యం'లోని పిల్లకును తీర్పు చెప్పితిని: "వాడు బెదిరించిన రోజే తండ్రితో చెప్పి ఉంటే శవమే లేదు, కథే లేదు. ఆడపిల్ల ఇంట్లో దాచకూడదు."

మా యమ్మాయి అచ్చటనే వెల్లుల్లిపాయలు వలచుచుండెను. తొమ్మిదవ తరగతి పరీక్షలు వ్రాసినది. నా మాటకు తలయెత్తి నన్ను చూచి మరల దించుకొన్నది. అప్పుడు నేను దానిని లెక్కచేయలేదు.

ఆవకాయ కలిపిన మూడవనాడు జాడీలోనిది పళ్ళెములోనికి తీసి, ఉప్పు చూచి, నూనె పోసి తిరుగ కలుపుదుము గదా. ఆ యుదయము పెరటిలో నేనును మా యమ్మాయియు మాత్రమే యుంటిమి. నా చేయి మోచేతివరకు కారములో నున్నది. అది పప్పునూనె పోయుచు, నన్ను చూడకయే, "అమ్మా, మా క్లాసులో ఒక అమ్మాయి ఉంది" అనెను.

ఆ యమ్మాయికి వచ్చిన యిబ్బంది యేమో ఇచ్చట వ్రాయను. ఒక కుర్రవాడు, ఒక సెల్‌ఫోను, ఒక బెదిరింపు. అంతవరకు చాలును. నా చెవులలో మాత్రము "మా క్లాసులో ఒక అమ్మాయి" యను మాటయే మ్రోగుచుండెను. అట్టి మాటలలోని 'ఒక అమ్మాయి' ఎవరగునో ఏ తల్లికి తెలియదు? గుండె దడదడ కొట్టుకొన్నది. చేయి కడుగుకొనుటకు లేవనైన లేవలేకపోయితిని. వీలైనంత మెల్లగా, "మరి ఆ అమ్మాయి వాళ్ళింట్లో చెప్పిందా?" అంటిని.

"చెప్తే బడి మాన్పిస్తారని భయం."

"తల్లిదండ్రులు అంత..." అనబోయితిని.

"నువ్వు తాతగారికి చెప్పావుగా అమ్మా. ఏమయింది?"

ఆ సంగతి దానికి చెప్పినదానను నేనే. నేను ఎనిమిదవ తరగతిలో నుండగా నా పుస్తకముల సంచిలో ఎవరో పేరులేని ఉత్తరమొకటి పడవేసిరి. ఇంటికి పోయి నేరుగా మా నాయనగారి చేతిలో పెట్టితిని. ఆయన చదివి, మడచి, జేబులో నుంచుకొనిరి. కోపపడలేదు. ఒక్క మాటయు అనలేదు. మరునాడుదయము నేను జడకు రిబ్బను కట్టుకొనుచుండగా మా అమ్మ వచ్చి, "ఇవాళ్టినుంచి వద్దులే" అని రిబ్బను విప్పినది. అంతియే. తెలుగుపండితులుగా పనిచేసి విరమించిన మా తాతగారు నా మొగము చూడలేక కాబోలు, ఆ సాయంకాలమే ఆదిపర్వము తెరచి నన్ను దగ్గర కూర్చుండబెట్టుకొనిరి. ఆరేండ్లలో భారతము, భాగవతము, ప్రబంధములు కొన్ని చదివితిని. పెండ్లిచూపులలో అదియొక గొప్పయైనది. నేటికిని వీధిలో ఎవరికి పద్యమునకు అర్థము కావలసినను నాయొద్దకే వత్తురు. ఈ కథను నేను నవ్వుచునే చెప్పుదును, "ఉత్తరం పుణ్యమా అని భారతం చదివాను" అని. విన్నవారును నవ్వుదురు. సంచి చాలకాలము చీలకు వ్రేలాడుచుండెననియు, బడిగంట వినబడినప్పుడెల్ల పెరటిలోనికి పోయెడిదాననియు ఎవరికిని చెప్పలేదు. మా యమ్మాయి నవ్వులోనుండి ఆ చెప్పనిదానినే ఏరుకొన్నది. చెప్పిన పిల్లకు బడి పోయినది. కథనుండి దానికి తెలిసినది ఇది.

మావారు తరగతిలో పిల్లలచేత రెండు అంకెలు వల్లెవేయింతురు: పిల్లల ఆపదలకు 1098, సైబరు నేరములకు 1930. మా యమ్మాయికి ఆ రెండును కంఠస్థమే. ఆ రెండవ పిల్లకును వచ్చునట. ఫోను చేయుటకు ముందు ఇంటిలో నొకరికి చెప్పవలెను గదా! అచ్చటనే ఆగినది.

చేతి కారము ఆరి మంటయెత్తుచుండెను. నేను, "నాకు జరిగింది తప్పు. మా నాన్నగారు చేసింది తప్పు" అంటిని. ముప్పదియారేండ్ల వయసున ఆ మాటను మొదటిసారి పైకి అంటిని. తండ్రిని తప్పుపట్టిన పాపము నన్ను చుట్టుకొనునేమో యని ఒక నిమిషము భయము కూడ కలిగినది. "ఆ అమ్మాయిని సాయంకాలం ఇక్కడికి రమ్మను. ఏం జరిగినా సరే, బడి మాన్పించే మాట ఈ ఇంట్లో రాదు. ఆ ఇంట్లోనూ రాకుండా నేను వెళ్ళి మాట్లాడుతాను."

"నిజంగా?" అనెను. కుంతి గూర్చియు ధర్మరాజు గూర్చియు నేను చెప్పినదానిలో ఒక్కముక్కయు దానికి జ్ఞాపకముండదు. ఆ 'నిజంగా' మాత్రము నాకు జ్ఞాపకముండును.

ఆ దినము సాయంకాలము వరకు నేనేమి వండితినో, ఏమి తింటిమో తెలియదు. అయిదు గంటలకు వీధిగేటు చప్పుడైనది. కిటికీనుండి చూచితిని. రెండు సైకిళ్ళు. మా యమ్మాయి వెనుక, కండ్లు వాచిన మరియొక పిల్ల దిగుచుండెను. ఆ రెండవ సైకిలును చూడగానే నా ప్రాణము కుదుటపడినది. మా పిల్ల కాదు! మరుక్షణముననే సిగ్గు వేసినది. ఆ పిల్లకును ఒక తల్లి కలదు గదా. పిన్నిగారికి ద్రౌపదిని బోధించిన దానను నేనే గదా.

తరువాత జరిగినదానిని క్లుప్తముగా వ్రాసెదను. ఆ సంగతి నాది కాదు. ఆ రాత్రియే మావారితో చెప్పితిని. ఇద్దరము వారింటికి పోయితిమి. తల్లి విని మొదట కూతునుమీద చేయెత్తినది. పిమ్మట కౌగిలించుకొన్నది. తండ్రి బడి మాన్పింతుననియే పట్టుపట్టెను. ఆయనతో మావారు రెండు సాయంకాలములు అరుగుమీద మాటలాడిరి. ఏమనిరో నేను అడుగలేదు. మూడవనాడు ఆ తండ్రియే ఫిర్యాదు వ్రాసియిచ్చుటకు బయలుదేరెను. మావారు తోడుపోయిరి.

ఆవకాయ బాగుగా నూరినది. ఈయేడు ఉప్పు కొంచె మెక్కువైనదని అత్తగారందురు. నిజమే కావచ్చును, ఆనాడు నేను ఉప్పు చూడలేదు. జూను నెలలో బళ్ళు తెరచిననాడు ఇద్దరు పిల్లలును పదవ తరగతికి సైకిళ్ళమీద పోయిరి. వీధిమలుపువరకు చూచి లోనికి వచ్చితిని. జాడీకి వాసెన కట్టుచు అత్తగారు, "ఇంతకీ ఆ గాలివానలో చంపిందెవరే?" అని మరల అడిగిరి.